పార్కింగ్‌లో ఉన్న విమానం మీద పిడుగు పడింది, లోపల పారాచూట్ రాకెట్ ఉంది, రేపు ఎగరమంటున్నారు

ఏలూరు_పైలట్
ఫ్లోరిడాలో ట్రైనింగ్‌లో ఉన్నాను. ప్రైవేట్ పైలట్ అయిపోయింది, ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ (బయట ఏమీ కనిపించకపోయినా మీటర్లు చూసి ఎగరేసే అర్హత) నడుస్తోంది. నేను ఎగరేస్తున్నది సిరస్ ఎస్‌ఆర్22, మొత్తం విమానాన్నే మోసుకుని కిందికి దింపే పారాచూట్ ఉన్న రకం. నిన్న మధ్యాహ్నం మూడున్నరకి ఇక్కడ రోజూ జరిగేదే, ఆకాశం నల్లబడింది, అందరం లోపలికి పరిగెత్తాం. కిటికీలోంచి చూస్తుండగానే విమానాలు నిలిపే ర్యాంప్ మీద కళ్లు చెదిరే వెలుగు, దాంతోపాటే చెవులు గింగురుమనే చప్పుడు. రెండింటికీ మధ్య క్షణం గ్యాప్ కూడా లేదు. వాన తగ్గాక వెళ్లి చూస్తే మా విమానం ఎడమ రెక్క కింద, గొలుసు కట్టే చోట, కాంక్రీటు అరచేయంత పెచ్చు లేచిపోయింది. గొలుసులో రెండు లింకులు నల్లగా మాడాయి. తోక చివర రూపాయి బిళ్ల కంటే చిన్న మచ్చ, అక్కడ పెయింట్ బుడగలా ఉబ్బింది.

ఇన్‌స్ట్రక్టర్ బ్యాటరీ ఆన్ చేశాడు, స్క్రీన్లు రెండూ వెలిగాయి, అంతా ఓకే, రేపు పదకొండింటికి వెళ్దాం అన్నాడు. నా భయం స్క్రీన్ల గురించి కాదు. సామాన్లు పెట్టే అర వెనకాల పారాచూట్, దాన్ని బయటికి లాగే రాకెట్ ఉన్నాయి. నా తల నుంచి నాలుగైదు అడుగులు ఉంటుందేమో. పిడుగు దెబ్బకి ఆ రాకెట్ దానంతటదే పేలే ఛాన్స్ ఉందా? ఇప్పుడు కాకపోయినా రేపు గాల్లో ఉండగా పేలితే? నేను రాను అంటే స్కూల్ వాళ్లు ఏమంటారో తెలియదు, వీసా గడువు ఒకవైపు, పొలం మీద తెచ్చిన లోన్ ఒకవైపు. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

డల్లాస్_శీను
టెన్షన్ పడకు తమ్ముడూ. ఇంకో ఇద్దరితో కలిసి 2005 నాటి ఎస్‌ఆర్22 ఉంచుకున్నాను నేను, ఆ పారాచూట్ సంగతి నాకు బాగా తెలుసు. పైకప్పులో మూత కింద ఎర్ర హ్యాండిల్ ఉంటుంది. రెండు చేతులతో పట్టుకుని కిందికి లాగాలి, దాదాపు ఇరవై కిలోల బలం కావాలి. ఆ లాగుడు స్టీల్ కేబుల్ ద్వారా వెనక్కి వెళ్తుంది, స్ప్రింగు బిగుసుకుని వదులుతుంది, లోపలి పిన్ను వెళ్లి ప్రైమర్‌ని కొడుతుంది. తుపాకీలో తూటా పేలినట్టే. అందులో కరెంట్ లేదు, బ్యాటరీ లేదు. కరెంటే లేని చోట పిడుగు ఏం చేస్తుంది?

పొరపాటున పేలాలంటే మనిషే పేల్చాలి. ఓసారి మా మావయ్యని ఎక్కించుకెళ్లాను, గాలి కొంచెం కుదిపేసరికి ఆయన చెయ్యి పైకి లేచి ఆ మూత మీదికి పోయింది. ఆర్టీసీ బస్సులో పైన కడ్డీ పట్టుకునే అలవాటు! "మావయ్యా, అది వదులు" అని నేను అరిచిన అరుపు కంట్రోల్ టవర్‌కి కూడా వినిపించే ఉంటుంది. అప్పట్నుంచి ఎవర్ని ఎక్కించుకున్నా మొదట చెప్పేది అదే.

నల్లమల_చందు
హహ మావయ్యా అది వదులు 😂 నవ్వు ఆగట్లేదు అన్నా

మూర్తి_ఏఎంఈ
శీనుగారి విమానం వరకూ ఆయన చెప్పింది నిజం. కానీ బాబూ, నీది ఏ సంవత్సరం మోడల్? అది తెలియకుండా ధైర్యం చెప్పడం సరికాదు.

ఏలూరు_పైలట్
2016 మోడల్ మూర్తిగారూ.

మూర్తి_ఏఎంఈ
అయితే నీ భయంలో అర్థం ఉంది. 2013లో వచ్చిన ఐదో తరం ఎస్‌ఆర్22 నుంచి పారాచూట్ పెద్దది చేశారు, రాకెట్ బలం పెంచారు, దాన్ని వెలిగించే పద్ధతి కూడా మార్చారు. కేబుల్, ఫైరింగ్ పిన్ను పోయి ఎలక్ట్రికల్ ఇగ్నిషన్ వచ్చింది. పైన హ్యాండిల్ లాగడం మాత్రం అదే, కానీ ఆ లాగుడుతో వెళ్లేది కరెంటు సంకేతం. కరెంటుతో పేలేదానికి పిడుగుతో సంబంధం లేదని ఎవరూ అనలేరు.

భయపెట్టడానికి చెప్పట్లేదు. అలాంటి సర్క్యూట్‌ని పిడుగుని దృష్టిలో పెట్టుకునే డిజైన్ చేస్తారు, తీగలకి తొడుగు వేస్తారు, నిబంధనలు కూడా అదే అడుగుతాయి. పేలలేదు అంటే నిన్నటికి ఆ రక్షణ పనిచేసిందన్నమాట. కానీ ఒకసారి దెబ్బ తిన్న రక్షణ రెండోసారి ఎలా ఉంటుందో స్క్రీన్లు వెలిగాయని చెప్పేస్తే ఎలా? స్క్రీన్లకీ ఆ రాకెట్‌కీ ఏం సంబంధం?

ఇంకోమాట. మీరు హ్యాండిల్‌కి పెట్టే పిన్ను ఉంది చూడు, ఎర్ర రిబ్బన్ వేలాడేది, అది హ్యాండిల్‌ని మాత్రమే ఆపుతుంది. రాకెట్ దగ్గరికి దొంగదారిన వచ్చే కరెంటుని ఆపదు. పిన్ను ఉంది కదా అని వెనక మూత విప్పి చూడటం, గిల్లటం లాంటివి నువ్వూ చెయ్యకు, మీ ఇన్‌స్ట్రక్టర్‌నీ చెయ్యనివ్వకు.

డల్లాస్_శీను
ఒప్పుకున్నాను మూర్తిగారూ, నా పాత విమానం లెక్కలో మాట్లాడాను. ఎలక్ట్రికల్ అని విన్నాను కానీ అంత ఆలోచించలేదు.

బావి_తూటాలు
విమానాల గురించి నాకు తెలియదు, ఎయిర్‌పోర్టుకి వెళ్లింది కూడా రెండుసార్లే. కానీ పిడుగు, కరెంటుతో పేలే మందు అనగానే రాయకుండా ఉండలేకపోయాను. మా నాన్న పల్నాడులో బావులు తవ్వించే పని చేసేవాడు. రాయి పడిందంటే రంధ్రాలు వేసి తూటాలు దట్టించి, ఎలక్ట్రిక్ డిటోనేటర్లు పెట్టి, వైర్లు పైకి లాగి బ్యాటరీతో పేల్చేవాళ్లు. డిటోనేటర్‌కి రెండు తీగలు ఉంటాయి. పేల్చే నిమిషం దాకా ఆ రెండు కొసలూ కలిపి మెలిపెట్టి ఉంచాలి, విడివిడిగా ఉంచావంటే నాన్న చెయ్యి చేసుకునేవాడు, అంత కచ్చితం.

నాకు పన్నెండేళ్లప్పుడు, వైశాఖ మాసం, మధ్యాహ్నం దాకా నిప్పులు చెరిగే ఎండ. తొమ్మిది రంధ్రాలు దట్టించారు. పడమట ఎక్కడో ఉరుము వినిపించింది, ఇక్కడ ఇంకా ఎండ కాస్తూనే ఉంది. నాన్న ఒక్క మాట మాట్లాడకుండా బావిలో ఉన్న నలుగుర్నీ పైకి రమ్మన్నాడు. ఒకాయన ఇంకో రెండు వైర్లే ఉన్నాయి కలిపేసి వస్తా అన్నాడు. తాడు పట్టుకుని ఆయన్ని లాగినంత పని చేశాడు నాన్న. అందరం దూరంగా ట్రాక్టర్ ట్రాలీ పక్కకి వెళ్లి కూర్చున్నాం. పది నిమిషాలు కూడా కాలేదు, అవతల పొలంలో తాటిచెట్టు మీద పిడుగు పడింది. అంతే, బావిలోంచి రాళ్లు పైకి లేచాయి. బ్యాటరీ మా నాన్న పంచె కొంగులో మూటకట్టి ఉంది. ఎవరూ ఏమీ ముట్టుకోలేదు. పిడుగు బావిలో కూడా పడలేదు, రెండు వందల గజాల అవతల పడింది.

నేలలో పాకిన కరెంటు ఆ తీగల్ని పట్టుకుంది అని తర్వాత ఇంజినీరు ఒకాయన చెప్పాడు. నీకు నేను చెప్పేది ఒకటే తమ్ముడూ, మందు ఉన్నచోట "ఏం కాలేదు కదా" అనే మాట చెల్లదు.

ఏలూరు_పైలట్
అన్నా ఒళ్లు జలదరించింది. ఆ రెండు వైర్లే ఉన్నాయి అన్నాయన మాట, నిన్న మా ఇన్‌స్ట్రక్టర్ మాట ఒకటే అనిపించింది.

కరీంనగర్_కుమార్
అందరూ కలిసి పిల్లాణ్ణి హడలగొడుతున్నారు. సూటిగా అడుగుతున్నా, పిడుగు పడి చిన్న విమానం పారాచూట్ దానంతటదే తెరుచుకున్న కేసు ఒక్కటి చూపించండి. ప్రయాణికుల విమానాలకి సగటున ఏడాదికి ఒకసారైనా పిడుగు తగులుతుంది, దిగి చూస్తే చిన్న మచ్చ, అంతే. బావిలో తూటాలకీ సర్టిఫై చేసిన విమానానికీ పోలికేంటి? మంచి కథే, కాదనను, కానీ పోలిక కుదరదు.

మూర్తి_ఏఎంఈ
కుమార్‌గారూ, ప్రయాణికుల విమానం ఎక్కువగా అల్యూమినియం. పిడుగు ఒకచోట ఎక్కి ఒంటి మీంచే పాకి ఇంకోచోట దిగిపోతుంది, లోపలికి రాదు. ఈ సిరస్ లాంటివి ఎక్కువగా ఫైబర్‌గ్లాసు, దానిలో కరెంటు పారదు. అందుకే పై పొరలో సన్నటి లోహపు జాలీ పొదగడమో, లోపల బాండింగ్ పట్టీలతో (భాగాల్ని కలిపే లోహపు పట్టీలు) దారి చూపించడమో చెయ్యాలి. బోయింగ్ 787 లాంటి కాంపోజిట్ విమానంలోనూ అలాంటి ఏర్పాటే. ఆ దారి ఎక్కడైనా తెగితే పిడుగు తన దారి తాను వెతుక్కుంటుంది, దొరికిన తీగల్లో, కేబుళ్లలో, రాడ్లలో దూరుతుంది.

పైగా అతను చెప్పింది గమనించారా? తోక మీద మచ్చ, ఎడమ రెక్క రింగు కింద కాంక్రీటు లేవడం. తోకలో ఎక్కి రెక్క గొలుసు దాకా వచ్చి నేలలోకి దిగింది. ఆ రెండింటికీ మధ్య దారిలోనే ఉంది రాకెట్.

విశాఖ_మేఘం
వాతావరణం గురించి రెండు ముక్కలు. కరెంటు విషయంలో మామూలు పిడుగు 30 వేల ఆంపియర్ల దగ్గర ఉంటుంది. మేఘం కింది భాగం నుంచి కాకుండా పైభాగం నుంచి, పక్కకి సాగి నేల మీద పడే పాజిటివ్ పిడుగులు ఉంటాయి, అవి తక్కువే కానీ వాటి బలం రెండు లక్షల ఆంపియర్లు దాటగలదు, ఎక్కువసేపు పారతాయి కూడా. మూర్తిగారు చెప్పిన రక్షణలన్నీ ఏదో ఒక లెక్క దాకానే పరీక్షిస్తారు. నిన్న పడింది ఎంతటిదో ఎవరూ కొలవలేదు.

మనవాళ్లకి గుర్తుండే ఉంటుంది, 2018 ఏప్రిల్ 24న ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే పదమూడు గంటల్లో 36,749 పిడుగులు లెక్కపెట్టారు. ఆ రోజు డ్యూటీలో ఉన్నాను. స్క్రీన్ మీద చుక్కలు పడుతుంటే మ్యాప్ కనబడలేదు. గాల్లో ఉన్న విమానానికి తగిలే పిడుగుల్లో ఎక్కువ భాగం విమానమే రేపుతుంది, మేఘం అప్పటికే కరెంటు నిండి ఉంటే లోహపు మొన లోపలికి రావడమే ఆలస్యం. కాబట్టి రెండో దెబ్బ తగలదనే నమ్మకంతో ఎగరడం ఫ్లోరిడా వర్షాకాలంలో చెయ్యాల్సిన పని కాదు.

రాకెట్_రఘు
కుమార్ గారు అడిగిన కేసుకి దగ్గరగా ఒకటి ఉంది. విమానం కాదు, అసలు రాకెట్లే. 1987 జూన్ 9న అమెరికా వర్జీనియాలో నాసా వారి వాలప్స్ ద్వీపంలో లాంచ్ ప్యాడ్‌ల మీద మూడు చిన్న రాకెట్లు సిద్ధంగా ఉన్నాయి. ఉరుముల వాన వచ్చింది, పిడుగు పడింది, మూడూ వాటంతటవే వెలిగి లేచిపోయాయి. ఎవరూ బటన్ నొక్కలేదు. కరెంటుతో వెలిగే ఘన ఇంధన రాకెట్‌కి పిడుగుతో ఏమవుతుందో చూపించడానికి ఇంతకంటే ఏం కావాలి? ఇవి నాసా వాళ్ల చేతిలోవి, బావి దగ్గర పనివాళ్ల చేతిలోవి కావు.

అదే ఏడాది మార్చిలో అట్లాస్ సెంటార్ అనే పెద్ద రాకెట్ కూడా పిడుగు తగిలి దారి తప్పింది, పేల్చేయాల్సి వచ్చింది. 1969లో అపోలో 12కి లేచిన నిమిషం లోపే రెండుసార్లు తగిలింది, వాళ్లు అదృష్టవంతులు, చంద్రుడి దాకా వెళ్లొచ్చారు. అప్పుడు కూడా అందర్నీ పీడించిన అనుమానం ఒకటే, తిరిగొచ్చాక పారాచూట్లు తెరిచే పేలుడు పరికరాలు దెబ్బతిన్నాయా అని. గాల్లో ఉండగా చూసే దారి లేదు కాబట్టి ముందుకే వెళ్లారు. ఈ తమ్ముడి విమానం మాత్రం నేల మీదే ఉంది, విప్పి చూసే అవకాశం చేతిలోనే ఉంది.

కరీంనగర్_కుమార్
వాలప్స్ సంగతి నాకు తెలియదు. సరే, ఆ పాయింట్ మీది. కానీ ఒకవేళ తెరుచుకున్నా మేలే కదా, అది ప్రాణం కాపాడటానికే పెట్టింది. పారాచూట్ మీద మెల్లగా దిగుతారు.

డల్లాస్_శీను
దానికి నేను చెప్తా, ఈసారి మోడల్ చూసుకునే చెప్తా 🙂 ఆ పారాచూట్‌ని పరీక్షించి చూపిన గరిష్ఠ వేగం నా విమానానికి 133 నాట్లు (గంటకి దాదాపు 246 కిలోమీటర్లు), ఐదో తరానికి 140. మేం దూరం వెళ్లేటప్పుడు దానికంటే చాలా వేగంగా పోతాం. ఆ వేగంలో ఉన్నట్టుండి తెరుచుకుంటే గుడ్డ చిరగొచ్చు, తాళ్లు తెగొచ్చు. మనం లాగినప్పుడు ఇంజిన్ ఆపుతాం, వేగం తగ్గించుకుంటాం, బెల్టు బిగించుకుంటాం, పక్కవాళ్లకి చెప్తాం. దానంతటదే పేలితే ఇవేవీ ఉండవు.

మెల్లగా దిగుతారు అనేది కూడా అంత కాదు. నిమిషానికి దాదాపు 1,700 అడుగులు దిగుతుంది, నేల తాకేటప్పుడు పది పదమూడు అడుగుల ఎత్తు నుంచి పడ్డట్టు ఉంటుంది. చక్రాలూ సీట్లూ ఆ దెబ్బ మింగడానికే డిజైన్ చేశారు కాబట్టి నడుములు మిగులుతాయి. ఎక్కడ దిగుతావో నీ చేతిలో ఉండదు, కరెంటు తీగల మీదా, హైవే మీదా, గాలి ఎటు తోస్తే అటు.

ఆ పారాచూట్ మీద నాకు ప్రాణమంత నమ్మకం, అది వేరే సంగతి. 2002 అక్టోబర్‌లో మా డల్లాస్ పక్కనే లూయిస్‌విల్ దగ్గర మొదటిసారి అది నిజంగా ఒక మనిషిని దింపింది. మెయింటెనెన్స్ నుంచి వచ్చిన వెంటనే రెక్క మీద అయిలరాన్ (విమానాన్ని పక్కకి ఒంచే కదిలే పలక) ఒక పక్క ఊడి వేలాడింది, ఆయన లాగాడు, బతికాడు. అప్పట్నుంచి ఇలా వందకు పైగా విమానాలు దిగాయి. ఇంటావిడ నన్ను ఎగరనిస్తోందంటే ఆ ఎర్ర హ్యాండిల్ పుణ్యమే.

గ్లైడర్_కిరణ్
నేను ఉండేది ఇంగ్లండ్‌లో, బెడ్‌ఫర్డ్‌షైర్ పక్కన. మా దగ్గర గ్లైడర్ నేర్చుకునే ప్రతివాళ్లకీ పిడుగు అనగానే చెప్పే కథ ఒకటుంది. 1999 ఏప్రిల్ 17, డన్‌స్టబుల్. ఏఎస్‌కే 21 అనే రెండు సీట్ల గ్లైడర్, ఫైబర్‌గ్లాసుదే, ఇంజిన్ లేదు. ఇన్‌స్ట్రక్టర్, కొత్తగా వచ్చిన ఒక విద్యార్థి. వాళ్లు మేఘంలో కూడా లేరు, దాని దగ్గర్లో ఉన్నారంతే.

పిడుగు ఒక రెక్క నుంచి ఇంకో రెక్కకి పోయింది. ఫైబర్‌లో దారి లేదు కదా, అందుకని రెక్కల లోపల అయిలరాన్లని కదిపే లోహపు రాడ్లని పట్టుకుంది. రెక్కల లోపల గాలి ఒక్కసారిగా వేడెక్కి పేలింది, పై పొరలు ఊడి ముక్కలుగా గాల్లో ఎగిరాయి. తర్వాత దర్యాప్తు చేసిన ఏఏఐబీ (బ్రిటన్ విమాన ప్రమాదాల దర్యాప్తు సంస్థ) వాళ్లకి దొరికిన రాడ్లు కొన్నిచోట్ల పిండేసిన టూత్‌పేస్ట్ ట్యూబులా నొక్కుకుపోయి ఉన్నాయి. ఏదో తగిలి నొక్కుకోలేదు, వాటిలో పారిన కరెంటు పుట్టించిన అయస్కాంత బలమే వాటిని నలిపేసింది. ఆ ఫోటో మా క్లబ్ గోడ మీద చాలాకాలం ఉంది, చూసిన ప్రతిసారీ వేలు పెట్టి తడమాలనిపించేది. సర్టిఫికేషన్‌లో పరీక్షించే పిడుగు కంటే అది ఎంతో పెద్దదని లెక్క తేలింది. విశాఖ మేడం చెప్పిన పాజిటివ్ పిడుగే.

ఇద్దరూ బతికారు, ఎందుకంటే ఇద్దరి వీపుకీ పారాచూట్లు ఉన్నాయి. చప్పుడుకి చెవులు వినపడని స్థితిలో, ఒకరి మాట ఒకరికి అందకుండానే దూకారు. ఇంగ్లండ్‌లో గ్లైడర్ ఎక్కితే పారాచూట్ కట్టుకోవడం మామూలు అలవాటు.

శీను అన్నతో చిన్న తేడా ఉంది నాకు. మీ పాత విమానంలో కరెంటు లేదు కాబట్టి పిడుగు ఏం చెయ్యలేదు అన్నారు. ఆ హ్యాండిల్ నుంచి వెనక్కి పోయేది స్టీల్ కేబులే కదా, డన్‌స్టబుల్‌లో కూడా అవి ఉత్త రాడ్లే. అయినా నలిగాయి, మాడాయి. పేలకపోవచ్చు, కానీ రేపు నిజంగా కావాల్సి వచ్చి లాగినప్పుడు ఆ కేబుల్ తెగిపోయి చేతికొస్తే? పిడుగు తర్వాత రెండు భయాలున్నాయి, వద్దన్నప్పుడు పేలడం, కావాలన్నప్పుడు పేలకపోవడం. రెండోదే నాకు పెద్దదిగా కనిపిస్తోంది.

డల్లాస్_శీను
ఈ కోణం అస్సలు తట్టలేదు కిరణ్. ఈ వారం మా మెకానిక్‌తో మాట్లాడతా. ఎలాగూ పదేళ్లకోసారి పారాచూట్ మార్చి కొత్తగా మడిచే గడువు దగ్గరపడింది, పదిహేను వేల డాలర్ల పైమాటే, అయినా తప్పదు.

తెనాలి_శారద
చిన్నప్పుడు ఉరుమితే మా అమ్మమ్మ మమ్మల్ని దగ్గరికి లాక్కుని "అర్జున, ఫల్గుణ, పార్థ, కిరీటి" అనిపించేది. మా అబ్బాయి కూడా పైలట్ ట్రైనింగ్‌లోనే ఉన్నాడు, ఇప్పుడు ఆ పని నేను ఫోన్‌లో చేస్తున్నాను. నాయనా ఏలూరూ, మీ అమ్మగారికి ఈ సంగతి చెప్పావా?

ఏలూరు_పైలట్
లేదండీ శారదగారూ. పారాచూట్ ఉన్న విమానం అని చెప్పే ఆవిడని ఒప్పించి వచ్చాను. ఇప్పుడు ఆ పారాచూటే భయం అని ఎలా చెప్పను.

ఎన్‌సీసీ_అఖిల్
మేం గరుడ్ మీద నేర్చుకున్నాం, పిపిస్ట్రెల్ వైరస్ ఎస్‌డబ్ల్యూ 80. 2015లో ఎయిర్‌ఫోర్స్‌కీ నేవీకీ ఎన్‌సీసీకీ కలిపి 194 కొన్నారు కదా, అవే. వాటిలోనూ రాకెట్ పారాచూట్ ఉంది. మా సర్ ఎక్కే ముందు అడిగే మొదటి ప్రశ్న "పిన్ను ఎక్కడుంది?", దిగాక అడిగే మొదటి ప్రశ్న కూడా అదే. ఓసారి ఒక క్యాడెట్ దిగేసి పిన్ను పెట్టడం మర్చిపోయి జేబులో వేసుకుని క్యాంటీన్‌కి వచ్చేశాడు. సర్ టీ గ్లాసు కింద పెట్టి, వాణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ విమానం దాకా నడిపించాడు. తిట్టలేదు. "నీ తర్వాత దీన్ని తుడిచే కుర్రాడు తల పెట్టేది ఇక్కడే" అని వాడి చేత్తోనే పిన్ను పెట్టించాడు.

మూర్తి_ఏఎంఈ
అఖిల్, మీ సర్‌కి నమస్కారం చెప్పు. కూలిన విమానం దగ్గరికి పరిగెత్తే పోలీసులు, ఫైర్ వాళ్లు కూడా అదే ప్రమాదంలో ఉంటారు. పేలని రాకెట్ లోపల ఉందని తెలియక రంపం పెడితే అంతే సంగతులు. అందుకే విమానం ఒంటి మీద హెచ్చరిక గుర్తు అంటిస్తారు, కానీ కాలిపోయాక ఆ గుర్తు ఎక్కడ కనిపిస్తుంది.

నల్లమల_చందు
ఇంతకీ మేఘం లోపల తెరుచుకుంటే ఏమవుతుంది? కిందికి దిగుతుందా లేక పైకి పోతుందా?

విశాఖ_మేఘం
పైకి పోవచ్చు. 1959 జూలైలో విలియం ర్యాంకిన్ అనే అమెరికా మెరైన్ పైలట్ దాదాపు 47 వేల అడుగుల ఎత్తులో ఇంజిన్ ఆగిపోయి విమానంలోంచి ఎజెక్ట్ అయ్యాడు (సీటుతో సహా బయటికి విసిరేసుకున్నాడు), కింద ఉరుముల మేఘం. ఆయన పారాచూట్ 10 వేల అడుగుల దగ్గర తెరుచుకునేలా పెట్టింది. మేఘం లోపల తెరుచుకుంది, అక్కడి గాలి ఆయన్ని పైకి విసిరి కిందికి లాగి మళ్లీ పైకి విసిరింది. పది నిమిషాల్లో దిగాల్సినవాడు నలభై నిమిషాలు అందులోనే ఉన్నాడు. వడగళ్లు ఒళ్లంతా కొట్టాయి, వాన ఎంత దట్టమంటే గాల్లోనే మునిగిపోతానేమో అనుకున్నాడట. చుట్టూ మెరుపులు. బతికాడు. అది ఒక్క మనిషి బరువు, విమానం బరువు వేరే, కానీ ఉరుముల మేఘంలో పారాచూట్ అంటే దాని మాట గాలి వింటుంది తప్ప నీ మాట వినదు.

మూర్తి_ఏఎంఈ
బాబూ, పొద్దున నువ్వు చెయ్యాల్సింది చెప్తాను. అమెరికా నిబంధన 91.7 ప్రకారం ఎగరదగ్గ స్థితిలో లేని విమానాన్ని ఎవరూ ఎగరెయ్యకూడదు, ఆ నిర్ణయం బాధ్యత పైలట్‌దే. గొడవ పడకు. "లైట్నింగ్ స్ట్రైక్ ఇన్‌స్పెక్షన్ అయిందా, లాగ్‌బుక్‌లో మెకానిక్ సంతకం చూపిస్తారా" అని మాత్రం అడుగు. కాంక్రీటు, గొలుసు, తోక మచ్చ ఫోటోలు ఇప్పుడే తీసి పెట్టుకో, వాన పడితే మసి పోతుంది. ఇంజిన్ కూడా చూడాలి, ప్రొపెల్లర్ ద్వారా కరెంటు పారి ఉంటే బేరింగుల్లో చిన్న చిన్న గుంటలు పడతాయి. ఇంకోటి, దిక్సూచి. పిడుగు పారిన స్టీల్ భాగాలు అయస్కాంతాలైపోతాయి, దిక్సూచి తప్పు చూపిస్తుంది. నువ్వు కూర్చుని చూడగలిగే గుర్తు అదొక్కటే.

ఏలూరు_పైలట్
అప్‌డేట్. ఎనిమిదింటికే వెళ్లాను. రాత్రంతా నిద్ర లేదు. విమానం ఉత్తరం వైపు చూసి నిలబెట్టే ఉంది, రన్‌వేకి సమాంతరంగా వేసిన గీత పక్కన, కాబట్టి దిక్కు నాకు కచ్చితంగా తెలుసు. కాక్‌పిట్‌లోకి ఎక్కి హ్యాండిల్ పిన్ను ఉందో లేదో చూసుకుని, దిక్సూచి చూశాను. ఇరవై డిగ్రీలకు పైగా తేడా. రెండుసార్లు చూశాను, వేలితో తట్టి చూశాను, అక్కడే నిలబడింది.

ఇన్‌స్ట్రక్టర్ వచ్చాక మూర్తిగారు చెప్పిన మాటే అడిగాను. మొహం మాడ్చుకున్నాడు, ఒక స్లాట్ పోతుంది, ఆ డబ్బు నీదే అన్నాడు. దిక్సూచి చూపించాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత తనే దిగి వెళ్లి తాళం తీసుకెళ్లి ఆఫీసులో ఇచ్చేశాడు.

బావి_తూటాలు
శభాష్ తమ్ముడూ.

కరీంనగర్_కుమార్
ఇరవై డిగ్రీలా! నేను ఎక్కమనేవాణ్ణి, నిజంగా. నా మాట వెనక్కి తీసుకుంటున్నాను. ఆ స్లాట్ డబ్బు ఎంత తమ్ముడూ, మెసేజ్ పెట్టు.

ఏలూరు_పైలట్
కుమారన్నా వద్దు, ఆ మాట చాలు.

మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. బయటి నుంచి మెకానిక్ వచ్చాడు, పెద్దాయన. మొదటి పని, విమానం చుట్టూ పది గజాల దూరంలో కోన్లు పెట్టి వెనకవైపు ఎవర్నీ నిలబడనివ్వలేదు. రాకెట్ బయటికి వచ్చే మూత ఉన్న వైపు ఆయన కూడా మొహం పెట్టలేదు, పక్కకి ఒరిగి పనిచేశాడు. నన్ను హ్యాంగర్ తలుపు దగ్గర నుంచి చూడనిచ్చాడు. తోక లోపల ఒక బాండింగ్ పట్టీ సగం తెగి, చివర కరిగి చిన్న గుండులా ముద్దకట్టింది. అది తీసి నా చేతిలో పెట్టాడు, బఠాణీ గింజ కంటే చిన్నది, ఇంకా కాలిన వాసన. రాకెట్ వైరింగ్ బయటికి బాగానే కనిపించింది, అయినా కనిపించింది కదా అని వదలను, రాకెట్‌ని వెలిగించే ఇగ్నైటర్ మార్చి, సర్క్యూట్ మొత్తం తయారీదారు చెప్పిన పద్ధతిలో పరీక్షించాకే సంతకం పెడతాను అన్నాడు. ఇంజిన్ కూడా విప్పుతున్నారు. నెల పట్టొచ్చట. నాకు సోమవారం నుంచి వేరే విమానం ఇచ్చారు, పారాచూట్ లేని సెస్నా 172.

అమ్మకి చెప్పాను శారదగారూ. మొత్తం విన్నాక "పిన్ను పెట్టావా" అని అడిగింది.

తెనాలి_శారద
తల్లి కదా నాయనా 🙏 కళ్లు చెమర్చాయి.

మూర్తి_ఏఎంఈ
మంచి మెకానిక్ దొరికాడు. విమానం తిరిగొచ్చాక లాగ్‌బుక్‌లో ఇగ్నైటర్ మార్చిన తేదీ, దిక్సూచి సరిచేసిన కార్డు రెండూ కళ్లారా చూసి ఎక్కు. ఆ కార్డు కొత్తది ఉండాలి, పాతదే ఉంటే మళ్లీ అడుగు.